తాండూరు నుంచి పారిస్ దాకా

వికారాబాద్,
18 సెప్టెంబరు 2025

బిడ్డా,

మూట్ కోర్టు కోసం నువ్వు రాసిన కాగితాలు అందాయి. సగం కోర్టు ఆవరణలో చెట్టు కింద వాయిదాల మధ్య చదివాను, మిగతా సగం రాత్రి ఇంట్లో. కుదురుగా రాశావు. ఫుట్‌నోట్లు నా వయసును మించిపోయాయి. పోటీలో నెగ్గడానికి అది చాలునేమో. కానీ రేపు నల్లకోటు వేసుకుని బతకబోయేదానివి గనుక ఒక మాట చెప్పాలనిపించింది. ఫోనులో చెబితే మధ్యలోనే "సరే మామా" అనేస్తావు, అందుకే ఉత్తరం.

నిన్న సెప్టెంబరు 17, 1948లో హైదరాబాద్ సంస్థానం యూనియన్ సైన్యానికి లొంగిన రోజు. పొద్దున్నే మైకులు మొదలయ్యాయి. సర్కారు వాళ్లు ప్రజాపాలన దినోత్సవం అన్నారు. ఒక పార్టీ విమోచనం అంది, ఇంకొకరు విలీనం అన్నారు. మూడేళ్ల కింద ఇదే రోజును సమైక్యతా దినం అన్నారు. మీ తాత మాత్రం పోయేదాకా "పోలీసు యాక్షన్" అనే అన్నాడు. ఫిరంగులు, ట్యాంకులు, విమానాలు వచ్చిన పనిని పోలీసు పని అని ఎందుకన్నారో ఆయనకు తెలియదు, అడగనూ లేదు. నువ్వు అడగాలి. నీ రాతలో నాకు కనబడని ప్రశ్న అదే.

నువ్వు కరోలిన్ పడవతో మొదలుపెట్టావు. అందరూ అక్కడే మొదలుపెడతారు. 1837లో కెనడా తిరుగుబాటుదార్లకు సరుకు మోస్తున్న ఆ పడవను బ్రిటిష్ వాళ్లు అమెరికా ఒడ్డు నుంచే లాక్కుపోయి, నిప్పు పెట్టి, నయాగరా జలపాతం వైపు వదిలేశారు. ఆలోచించుకునే వ్యవధి కూడా లేనంత అవసరం మీకు వచ్చిందని చూపించండని అమెరికా మంత్రి వెబ్‌స్టర్ నిలదీశాడు. పొరుగు గడ్డ మీద ఒక సాయుధ గుంపు, దాన్ని ఆపలేని ఆ గడ్డ ప్రభుత్వం. నీ సమస్యంతా అందులోనే ఉంది, నిజమే. కానీ నయాగరాను నువ్వూ చూడలేదు, నేనూ చూడలేదు. తాండూరు స్టేషన్ ఇద్దరం చూశాం.

తాండూరు అప్పట్లో గుల్బర్గా జిల్లా తాలూకా. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు గానీ ఇటు రాలేదు. మీ తాతకు పద్దెనిమిదేళ్లు, ఒక కిరాణా దుకాణంలో గుమాస్తా. చీకటి పడితే స్టేషన్ వైపు పోవద్దని ఇంట్లో కట్టడి చేసేవారట. రజాకార్లు ఖాకీ వేసుకుని కవాతు చేసే రోజులవి. ఇదే రైలు దారిన వాడి జంక్షన్ దాటి, గుల్బర్గా దాటి పోతే గంగాపూర్ స్టేషన్ వస్తుంది. 1948 మే 22న మద్రాసు నుంచి బొంబాయి పోయే మెయిలు మీద దాడి జరిగింది అక్కడే. ఆగస్టులో "ఇమ్రోజ్" సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాద్ నడివీధిలో చంపారు. అదే నెల 27న బైరాన్‌పల్లి ఊచకోత.

ఇప్పుడు నీ చట్టం తీయి. ఖాసిం రజ్వీ రజాకార్లు ఎవరు? జీతం తీసుకునే నిజాం సైన్యం కాదు, దానికి ఎల్ ఎద్రూస్ అనే సేనాపతి వేరే ఉన్నాడు. వాళ్లు నిజాం చెప్పినట్టు ఆడుతున్నారంటే ఆ దాడి నిజాం ఖాతాలో పడుతుంది. నిజామే వాళ్ల చేతిలో చిక్కాడంటే, అది ఈనాడు మీ పుస్తకాలు చెప్పే "అదుపు చేయలేని, చేయని" ప్రభుత్వం కథ. అసలు హైదరాబాద్ వేరే దేశమే కాదంటే అంతర్జాతీయ చట్టానికి ఇక్కడ పనే లేదు, అది ఇంటి సంగతి. అవే శవాలు, అదే రైలు, కానీ తలుపు మారితే చట్టం మారిపోతుంది. మన యూనియన్ సర్కారు చివరి తలుపు పట్టుకుంది. పోలీసు అన్న మాట అక్కడి నుంచి వచ్చింది.

నిజాం వాళ్లు ఊరుకోలేదు. ఆగస్టు 21న భద్రతా మండలికి తంతి కొట్టారు. ఐక్యరాజ్య సమితిలో సభ్యత్వం లేని రాజ్యం కూడా ఫిర్యాదు చేయొచ్చని చెప్పే 35వ అధికరణం రెండో భాగాన్ని పట్టుకున్నారు. మంచి వకీళ్ల పని. సెప్టెంబరు 13న యూనియన్ సైన్యం కదిలింది, 16న పారిస్‌లో మండలి కూర్చుంది. నిజాం తరఫున మొయిన్ నవాజ్ జంగ్, మన తరఫున రామస్వామి మొదలియార్. హైదరాబాద్ రాజ్యమే కాదు, ఫిర్యాదు చేసే అర్హతే లేదు అన్నాడు మొదలియార్. విషయాన్ని చర్చకు తీసుకోవడానికి 8 మంది ఒప్పుకున్నారు, ముగ్గురు ఎటూ చెప్పలేదు. మర్నాడు సాయంత్రానికి ఇక్కడ యుద్ధం ముగిసింది. వారం తిరక్కముందే నిజామే ఫిర్యాదు వాపసు తీసుకున్నానని తంతి పంపాడు. 1949 మేలో మరోసారి మాట్లాడుకుని వదిలేశారు. హైదరాబాద్ రాజ్యమా, కాదా? మండలి తేల్చలేదు. మా కోర్టులో దావా వేసినవాడు రాజీ కాగితం పెడితే అసలు ప్రశ్న ఫైల్లోనే నిద్రపోతుంది చూడు, అట్లా.

నువ్వు దాటేసిన ఇంకో సంగతి ఉంది, అది చేదుగా ఉంటుంది. సాయుధ గుంపులు ఒక్క పక్కనే లేవు. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ వాళ్లకు షోలాపూర్ వైపు, చాందా వైపు యూనియన్ గడ్డ మీద శిబిరాలుండేవి. అక్కడి నుంచి సరిహద్దు దాటి వచ్చి నిజాం చౌకీల మీద, కరోడ్‌గిరీ (సుంకం) నాకాల మీద దాడులు చేసేవారు. 1948 జనవరి 30న నాందేడ్ జిల్లా ఉమ్రిలో బ్యాంకు కొట్టిందీ వాళ్లే. నా లెక్కలో వాళ్లు ధర్మం పక్షమే, మీ తాత లెక్కలోనూ అంతే. కానీ గుంపుకు గడ్డనిచ్చిన ప్రభుత్వం మీదికి రావచ్చు అన్న సూత్రం రాసేటప్పుడు, ఆ సూత్రాన్ని నిజాం వకీలు చేతిలో పెట్టి చూడు. అప్పుడూ నిలబడితే రాయి. 1986లో నికరాగువా కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం, పంపిన గుంపుకూ ఊరికే ఆయుధాలిచ్చిన గుంపుకూ మధ్య గీత గీసింది ఈ భయంతోనే అని నా ఊహ.

ఆత్మరక్షణ గురించి చెప్పే సమితి చార్టర్ 51వ అధికరణం మీద నీ భాగం బాగుంది. సాయుధ దాడి జరిగితే అంటుందే గానీ ఎవరు చేస్తే అని అనదు, సరిగ్గా పట్టావు. అయితే అదే న్యాయస్థానం 2004లో చూసిన పాలస్తీనా గోడ కేసులోని ఒక్క పేరా పట్టుకుని తలుపు మూసేయకు. ఒక రాజ్యం మీద ఇంకో రాజ్యం చేసే దాడి అని అక్కడ అన్నారు, ఆ మాటతో ముగ్గురు న్యాయమూర్తులు అక్కడే విభేదించారు. మరుసటి ఏడు కాంగో, ఉగాండా కేసులో అదే ప్రశ్న ఎదురుగా వచ్చినా, ఇప్పుడు తేల్చాల్సిన అవసరం లేదని కోర్టు పక్కకు తప్పుకుంది. న్యూయార్క్ దాడి మర్నాడు, 2001 సెప్టెంబరు 12న, భద్రతా మండలి ఆత్మరక్షణ హక్కును ఒప్పుకుంటూనే తీర్మానం చేసింది, ఏ దేశం పేరూ ఎత్తకుండా. తేలని చట్టాన్ని తేలినట్టు రాయడం చిన్న వకీలు చేసే పని.

మన దేశం మాటలు ఎంత తూచి వాడుతుందో కూడా చూడు. 2019లో బాలాకోట్ దాడి తర్వాత విదేశాంగ కార్యదర్శి దాన్ని సైనికేతర ముందస్తు చర్య అన్నాడు, 51 అన్న అంకె ఎత్తలేదు. 2021 ఫిబ్రవరి 24న మెక్సికో పిలిచిన సమావేశంలో మాత్రం మన ప్రతినిధి బయటపడి చెప్పాడు. గుంపు పదే పదే దాడి చేసి ఉండాలి, ఆ దేశం దాన్ని ఆపడానికి ఇష్టపడకపోవాలి, పైగా దానికి అండగా ఉండాలి అని. చివరి షరతు గమనించు, అమెరికా వాళ్లు సిరియాలో చెప్పినంత వదులుగా లేదు. మొన్న మే 7న ఆపరేషన్ సిందూర్ రోజున కూడా తూకం, మితం అన్న మాటలే ముందుకొచ్చాయి.

తూకం అన్నాను గనుక. నీ రాతలో తూకం గురించి పేజీన్నర ఉంది, అంతా బాంబుల లెక్కే. 1948లో సైన్యం అయిదు రోజుల్లో పని ముగించింది. దానికి ముందు అడగడం కూడా జరిగింది. ఆగస్టు 31న రాజగోపాలాచారి నిజాంకు ఉత్తరం రాశాడు, సెప్టెంబరు 7న నెహ్రూ సభలో చెప్పాడు: రజాకార్లను రద్దు చేయండి, సికింద్రాబాద్‌కు మా సైన్యాన్ని రానివ్వండి. కాదన్నాకే కదిలారు. అవసరం అన్న పరీక్షకు ఇంతకంటే మంచి కాగితం దొరకదు. అక్కడితో ఆగితే మన కేసు గట్టిదే. కానీ తర్వాత ఏమైందో చూడ్డానికి నెహ్రూయే పండిత్ సుందర్‌లాల్‌నూ మరి ఇద్దరినీ పంపాడు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్లు రాశారు, చనిపోయింది ముస్లింలు. అందరికంటే ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాల్లో గుల్బర్గా ఒకటి. తాండూరు ఏ జిల్లాలో ఉండేదో ఇందాకే చెప్పాను. కొన్నిచోట్ల సిపాయిలు, పోలీసులు కూడా దోపిడీల్లో చెయ్యి వేశారని అందులోనే ఉంది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బీరువాలోనే ఉంది.

మన ఇంటి వెనక గదిలో, కందుల బస్తాల చాటున, పక్కింటివాళ్లు తొమ్మిది రోజులున్నారట. ఆ ఇంటాయన అంతకుముందు వేసవిలో "ఈ రాత్రి ఇంట్లో పండొద్దు" అని మీ తాతకు కబురు పెట్టినవాడే. రజాకార్లు ఆ రాత్రి నిజంగానే వచ్చారు. ఈ రెండూ కలిపి మీ తాత ఒక్కసారే చెప్పాడు, నేను వకాల్తా సనదు తెచ్చుకున్న రోజున.

నీ పదకొండో పేజీలో "దాడి ముగిసిన తర్వాతి పరిణామాలు ఈ కేసు పరిధిలోకి రావు" అని ఒక వాక్యం ఉంది. దాని కింద పెన్సిల్‌తో గీశాను. న్యాయమూర్తి స్థానంలో కూర్చున్నవాడు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. జవాబు లేకుండా లేచి నిలబడకు. ఆ వాక్యం తీసేసి ఏం రాస్తావో నువ్వే ఆలోచించు, నేను చెప్పను.

కాగితాలు ఆదివారం మీ అమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. రెండు కిలోల కందిపప్పు కూడా ఉంది. హాస్టల్‌లో వండుకోనివ్వకపోతే మీ వార్డెనమ్మకు ఇచ్చెయ్యి, తాండూరుదని చెప్పి ఇవ్వు.

నీ
మేనమామ