గ్రహముల ఫోటోలు, సహోదరుల తగవులు

చదువవలసిన భాగములు: కీర్తన 8, సామెతలు 18:13, 17, మత్తయి 5:23, 24, యాకోబు 1:19, 20.



పాలకొల్లు ప్రాంతమున వరికోతలు ముగిసిన దినములలో, మా సంఘపు యౌవనుడొకడు తాను కూడబెట్టిన సొమ్ముతో చిన్న దుర్భిణి కొని, దానికి కెమెరా తగిలించి, గురుగ్రహమును ఫోటో తీసెను. గ్రహము మీది చారలును, ఎఱ్ఱని మచ్చయు అందులో తేటగా కనబడెను. అతని పినతండ్రి కుమారుడు దానిని చూచి, “ఇది నీవు తీసినది కాదు, ఎవరిదో తెచ్చి నీదనుచున్నావు” అనెను. మాటకు మాట పెరిగెను. పెద్దలు కలుగజేసుకొని పాత గట్టు తగవును కూడ పైకి తీసిరి. రెండు నెలలు ఆ రెండు కుటుంబములు కలిసి ప్రభువు బల్లయొద్దకు రాలేదు.

మా తప్పును కూడ చెప్పవలెను. అంత చిన్న గొట్టముతో అంత మంచి ఫోటో రాదని మేమును తలంచి, విచారింపకయే పదిమందిలో ఆ మాట అనితిమి. అది ఆ చిన్నవానిని మిక్కిలి నొప్పించెను.

తరువాత ఒక రాత్రి ఇద్దరిని వెంటబెట్టుకొని డాబా ఎక్కితిమి. దుర్భిణికి కన్ను ఆనించి చూడగా, గురుగ్రహము కాలువ నీటి అడుగున పడిన రూపాయి బిళ్లవలె వణకుచుండెను. వణకునది గ్రహము కాదు, మన పైనున్న గాలి. అందుచేత ఈ పనివారు ఒక్క ఫోటోను నమ్మరు. కెమెరాతో రెండు మూడు నిమిషములలో వేలకొలది బొమ్మలు తీయుదురు. గాలి నిలకడగా ఉన్న క్షణమున వచ్చినవాటిని కంప్యూటరుతో ఏరి, చెదరినవాటిని విడిచి, మంచివాటిని ఒకదానిపై ఒకటి పేర్చుదురు. ఒక్కొక్క బొమ్మలోని మరకలు వేర్వేరు చోట్ల నుండును గనుక అవి తగ్గిపోవును. అన్నిటిలో నున్న గ్రహరూపము నిలుచును. గురుగ్రహము పది గంటలలోపే తన చుట్టు తాను తిరుగును గనుక ఎక్కువసేపు తీసినను ఫోటో చెదరును. చివర గీతలను పదును చేయుదురు. అది మితిమీరినయెడల లేనివి కూడ ఉన్నట్టు కనబడును. కాబట్టి చిన్నవాడు అబద్ధమాడలేదు. కంటికి అట్లు కనబడదన్న వాని అనుమానమును వట్టిది కాదు.

ఈ మక్కువ మన దేశమునకు క్రొత్త కాదు. 1840లో గోడే వెంకట జగ్గారావుగారు విశాఖపట్టణమున స్వంతముగా వేధశాల పెట్టిరి. వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9న శుక్రగ్రహము సూర్యబింబమును దాటుట గమనించిరి.

పెద్ద పండితులు కూడ ఇట్టి తగవులలో పడిరి. 1877లో ఇటలీ దేశపు షియాపరెల్లి అంగారక గ్రహముపై సన్నని గీతలు చూచితిననెను. అమెరికాలోని పెర్సివల్ లోవెల్ అవి బుద్ధిగల జీవులు త్రవ్విన కాలువలనియు, ధ్రువముల మంచునీరు వాటిలో పారుననియు వాదించెను. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన తరువాత కాలువనీటితో పండిన మన పొలములను చూచినవారికి ఆ మాట వింతగా తోచదు. 1905లో లోవెల్ వేధశాలలో అంగారకుని ఫోటోలు తీసి, కాలువలు దొరికినవనిరి. ఆ బొమ్మలు చిన్న గింజంత. నమ్మినవారికి గీతలు కనబడెను, నమ్మనివారికి కనబడలేదు. 1903లో ఇంగ్లండులో మాండర్ అను ఆయన గీతలు లేని బొమ్మను దూరమున పెట్టి బడిపిల్లలచేత వేయించగా, వారిలో కొందరు గీతలు వేసిరి! 1909లో ఆంటోనియాడి పెద్ద దుర్భిణితో చూడగా ఆ గీతలు విడివిడి మచ్చలుగా విడిపోయెను. 1965లో మారినర్ 4 నౌక దగ్గరనుండి ఫోటోలు పంపగా కాలువలు లేవని తేలెను. వారు అబద్ధికులు కారు. తమ కన్ను పొరబడవచ్చునని తలంచలేదు, అంతే.

దీనినుండి మనము మూడు సంగతులు నేర్చుకొందము.

1. వినకమునుపే ఉత్తరమిచ్చుట అవివేకమని సొలొమోను బోధించుచున్నాడు. మొదటివాని వ్యాజ్యెము న్యాయముగానే తోచును. రెండవవాడు వచ్చినప్పుడే సంగతి తేలును.

2. కోపముతో పలికిన ఒక్క మాట గాలికి వణకిన ఒక్క బొమ్మవంటిది. సహోదరుని బ్రదుకంతటిని దానితో కొలువకూడదు. అతని నిలకడగల దినములను కూడ ఎంచుడి.

3. సత్యము తేలుట చాలదు, సమాధానము కావలెను. అర్పణమును బలిపీఠమునొద్ద విడిచి ముందు సహోదరునియొద్దకు వెళ్లుమని ప్రభువు చెప్పెను. ఎవరిది తప్పో తేలిన తరువాత వెళ్లుమని చెప్పలేదు.

ఆ రాత్రి డాబామీదనే మేము ఆ చిన్నవానిని క్షమాపణ వేడితిమి. పినతండ్రి కుమారుడు కొంతసేపు ఊరకుండి, “అన్నా, నన్ను కూడ చూడనిమ్ము” అని దుర్భిణియొద్దకు వచ్చెను. గట్టు తగవు ఇంకను తీరలేదు. అయినను మరుసటి బల్ల ఆదివారమున రెండు కుటుంబములును ఒకే వరుసలో మోకరించినవి.

ఆకాశమును, చంద్రుని, నక్షత్రములను చూచినప్పుడు మనుష్యుడు ఏపాటివాడని దావీదు ఆశ్చర్యపడెను. అట్టి మనలను దేవుడు జ్ఞాపకము చేసికొనుచుండగా, మనము ఒకరినొకరము త్రోసివేయుట తగునా?

కూటములలో ఆలోచించుటకు: మనము విచారింపక తీర్పు తీర్చిన సహోదరుడు ఎవడు? వచ్చే బల్ల ఆదివారమునకు ముందు అతని ఇంటికి వెళ్లగలమా?

సమాధానకర్తయగు దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.