మళ్లీ మళ్లీ అడిగే మనిషి

“కడుపులో బిడ్డను పెట్టుకుని ఇదేం పాడు బుద్ధి!” గర్భిణి చేతిలో చుట్టపీకో పొగాకు కాడో కనబడగానే మన నోట ముందుగా వచ్చే మాట ఇదే. తిట్టినవాళ్లకు బాధ్యత తీరినట్టుంటుంది. తిట్లు తిన్నావిడ చుట్ట మానదు, చాటుకు వెళ్లి కాలుస్తుంది. వచ్చే నెల ఏఎన్‌ఎం అడిగితే “లేదమ్మా, మానేశాను” అంటుంది. ఆ అబద్ధంతో ఆమెకు సాయం అందే దారి కూడా మూసుకుపోతుంది.

వ్యక్తిత్వ వికాస పాఠాలు పొగాకు దగ్గరికి వచ్చేసరికి ఎక్కువగా సంకల్పబలం చుట్టూనే తిరుగుతాయి. గట్టిగా అనుకో, మానెయ్ అంటాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఈ అలవాటు నడిచిన తీరూ, దాన్ని మాన్పించడానికి జరిగిన ప్రయత్నమూ చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అలవాటు మొదలుపెట్టడానికి తోడున్నట్టే మానడానికీ తోడు కావాలి. సంకల్పం ఆమెదే. దాన్ని నిలబెట్టేది మాత్రం మందలించకుండా మళ్లీ మళ్లీ అడిగే మనిషి.

నోట్లో నిప్పు

ఉత్తరాంధ్ర వాళ్లకు అడ్డపొగ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి పొగ పీలుస్తారు. ప్రపంచంలో చాలాచోట్ల పొగతాగడం మగవాళ్ల అలవాటుగా సాగితే, ఇక్కడి తీర పల్లెల్లో అడ్డపొగ ఎక్కువగా ఆడవాళ్లది. ఎందుకని అడిగితే కారణాలు వరసగా చెబుతారు. సముద్రపు గాలికి నిప్పు ఆరదు. బూడిద రాలదు. చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి పని ఆగదు. పెద్దవాళ్ల ఎదుట పడినా నిప్పు కనబడదు. పంటి నొప్పికీ, తెల్లవారుజాము చలికీ మందనే నమ్మకం ఒకటి. అన్నిటికీ మించి అమ్మ కాల్చింది, అమ్మమ్మ కాల్చింది. చుట్ట వెలిగించి ఇవ్వమని పిల్లల్ని పురమాయించే ఇళ్లలో ఆ పిల్లలకే అలవాటు అంటుకుంది.

తీరాంధ్రలో అంగిలి క్యాన్సర్‌కూ ఈ అలవాటుకూ ఉన్న సంబంధం మీద డాక్టర్ గోవిందరెడ్డి, డాక్టర్ రావు 1957లో పరిశోధన వ్యాసం ప్రచురించారు. తర్వాత డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫలీ మెహతా బృందంతో కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించారు. 1971లో అచ్చయిన ఆ అధ్యయనంలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవారేనని తేలింది.

ఆ 1957లోనే అమెరికాలోని కాలిఫోర్నియాలో వినియా సింప్సన్ వేలమంది బాలింతల వివరాలు తిరగేసి, సిగరెట్ తాగే తల్లులకు నెలలు నిండని కాన్పులు దాదాపు రెట్టింపని చూపించారు. రోజుకు తాగే సిగరెట్లు పెరిగేకొద్దీ ఆ ముప్పూ పెరిగింది. మన దగ్గర డాక్టర్లు తల్లి నోటిని చూశారు, అక్కడ ఆమె కడుపును చూశారు. మన పల్లెల్లో చాలాకాలం నోటి సంగతే చర్చకు వచ్చింది. కడుపు సంగతి వెనకబడింది.

ఈ తరం కోడళ్లలో చాలామంది అడ్డపొగ జోలికి పోవడం లేదు. చదువు, ఆసుపత్రి కాన్పులు, పట్నంతో రాకపోకలు ఆ మార్పు తెచ్చాయి. అయినా మత్స్యకార పల్లెల్లో, మన్యం గూడేల్లో, రోజుకూలీకి వెళ్లే ఇళ్లలో పొగాకు పూర్తిగా పోలేదు. కొన్నిచోట్ల రూపం మార్చుకుంది.

పొగ లేకపోతే మంచిదేనా?

చుట్ట కాల్చినప్పుడు నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది. మాయకు వెళ్లే రక్తం తగ్గుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోటును ఆక్రమిస్తుంది. బిడ్డకు అందేది తల్లి రక్తం మోసుకొచ్చే ప్రాణవాయువే కదా! మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అసలే తక్కువున్న రక్తం, అందులోనూ పొగ. బిడ్డ బరువు తగ్గడం, నెలలు నిండకుండా పుట్టడం, మాయ ముందే విడిపోవడం, కడుపులోనే బిడ్డ పోవడం లాంటి ప్రమాదాలన్నీ పెరుగుతాయి.

“సరే, చుట్ట మానేసి పొగాకు నములుతాను” అనేవాళ్లున్నారు. ఒడిశా వైపు గుడాకు అనే పొగాకు ముద్దతో పళ్లు తోముకునే అలవాటూ ఉంది. పొగ లేదు కాబట్టి బిడ్డకు ఏమీ కాదనుకుంటారు. శ్రీకాకుళం పల్లెల్లో నోటి క్యాన్సర్ నివారణ మీద పనిచేసిన బృందంలోని ప్రకాశ్ గుప్తా ఈ సందేహాన్నే ముంబైలో పరీక్షించారు. 1,217 మంది మహిళలను కాన్పు దాకా గమనించి 2004లో ఫలితాలు ప్రకటించారు. పొగరాని పొగాకు వాడిన తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. నెలలు నిండని కాన్పులూ ఎక్కువే. రెండున్నర కిలోల గీత దగ్గర ఊగిసలాడే బిడ్డకు వంద గ్రాములు చిన్న సంగతి కాదు.

ఇక ఇంట్లో ఎదురయ్యే పెద్ద వాదన ఇది: “ఏటవుతాదే? మీ యమ్మ కాల్చలేదా, నాను కాల్చలేదా? పిల్లల్ని కనలేదా?” దీనికి కోపంతో జవాబు చెప్పక్కర్లేదు. బతికిన బిడ్డల్ని లెక్కపెట్టుకోవడం అందరికీ అలవాటే. నిలవని కడుపులు, పురిట్లో పోయిన పిల్లలు ఆ లెక్కలోకి రారు. పెద్దావిడ చెప్పేది అబద్ధం కాదు, సగం లెక్క.

తల్లి ప్రేమకు పరీక్ష పెట్టొద్దు

“బిడ్డ మీద ప్రేముంటే మానేసేదానివి” అనే మాట చాలా క్రూరమైంది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పొగతాగే 612 మంది గర్భిణులతో ఒక ప్రయోగం చేశారు. అందరికీ మానడానికి మామూలుగా చేసే సాయం చేశారు. సగం మందికి అదనంగా, మానితే 400 పౌండ్ల దాకా కొనుగోలు కూపన్లు ఇస్తామన్నారు. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం కూపన్లు ఇస్తామన్నవారిలో నూటికి సుమారు 23 మంది, మిగతావారిలో సుమారు 9 మంది మానగలిగారు. కూపన్లు బాగానే పనిచేశాయి. అయినా వాటిని అందుకోగలిగే అవకాశం ఉండి కూడా నూటికి 77 మంది మానలేకపోయారు. వాళ్లందరికీ బిడ్డ మీద ప్రేమ లేదనగలమా? నికోటిన్ పట్టు అంత గట్టిది. పైగా గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో నికోటిన్ మామూలు కన్నా వేగంగా ఖర్చయిపోతుంది. అందుకే కోరిక కూడా త్వరగా తిరిగొస్తుంది. ఇది తెలిస్తే ఆమె తనను తాను తిట్టుకోవడం మానుతుంది. అక్కడి నుంచే అసలు పని మొదలవుతుంది.

శ్రీకాకుళం అనుభవం కూడా ఇదే దారి చూపింది. 1970ల చివర ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో కలిపి 36 వేలకు పైగా పొగాకు వాడేవారితో ఒక పెద్ద కార్యక్రమం మొదలైంది. ఏటా వచ్చి నోరు పరీక్షించేవారు, అలవాటు గురించి అడిగేవారు. ముఖాముఖి మాట్లాడేవారు, ప్రచార సాధనాలతోనూ నచ్చజెప్పేవారు. అయిదేళ్ల ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అంతకుముందు అదే ప్రాంతాల్లో, ఈ బోధన లేకుండా గమనించినవారితో పోల్చారు. ఎర్నాకుళంలోనూ శ్రీకాకుళంలోనూ మానినవారు, తగ్గించినవారు బాగా పెరిగారు. తరాలుగా వస్తున్న అలవాటు, పెద్దగా చదువులేని పల్లెలు. అయినా మార్పు వచ్చింది. ఒక్క ఉపన్యాసంతో వచ్చింది కాదు, అడగడానికి మళ్లీ మళ్లీ వచ్చిన మనుషుల వల్ల వచ్చింది.

గర్భిణి విషయంలో ఈ అవకాశం ఇంకా ఎక్కువ. ఆమెను నెలనెలా చూసేవాళ్లున్నారు. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్, ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో జరిగే సురక్షిత మాతృత్వ పరీక్షలు, విజయనగరం వాళ్లకు ఘోషాసుపత్రి. గర్భిణి పరీక్షకు వచ్చిన ప్రతిసారీ ఆమెను పొగాకు గురించి అడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది. ఎలా అడుగుతామన్నది కూడా ముఖ్యం. “తాగుతావా, లేదా?” అంటే సిగ్గుతో “లేదు” అంటుంది. “మానేశావా, తగ్గించావా, ఎప్పట్లాగే ఉందా?” అని జవాబులు ముందే పరిచి అడిగితే ఎక్కువ మంది నిజం చెప్పారని అమెరికాలో 1991లో జరిగిన అధ్యయనం తేల్చింది. మన భాషలో “ఏ పూట కష్టంగా ఉంటోందమ్మా?” అంటే చాలు.

మానాలనుకున్న మీకు

మీరే ఆ గర్భిణి అయితే, ముందుగా ఏ చుట్ట ఏ పని కోసమో గుర్తించండి. రోజంతా కాల్చే చుట్టలన్నీ ఒకటి కావు. లేవగానే కాల్చేది విరేచనం కోసం. గంప దించాక కాల్చేది అలుపు తీరడానికి. అన్నం తిన్నాక కాల్చేది అలవాటుకు. ఏ పనికి ఆ మందు వెతకాలి. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు, ఆకుకూరలు మొదటిదానికి పనికొస్తాయి. ఐరన్ మాత్రలతోనూ మలబద్ధకం రావచ్చు. అప్పుడు మాత్రలు మానేసి చుట్ట అందుకోవద్దు, ఏఎన్‌ఎంకు చెప్పండి. అలుపుకు చోడి అంబలి తాగి కాసేపు నడుం వాల్చండి. పన్ను నొప్పయితే దంతవైద్యులకు చూపించండి. గర్భంతో ఉన్నా వైద్యం చేస్తారు.

తర్వాత ఒక రోజు నిర్ణయించుకోండి. మంచిరోజు కోసం నెలలు ఆగొద్దు. ఈ వారంలోనే కానివ్వండి. 15 వారాల లోపు మానిన తల్లుల్లో నెలలు నిండని కాన్పులు, ఎదుగుదల తగ్గిన బిడ్డలు ఎప్పుడూ తాగనివారితో సమానంగానే ఉన్నట్టు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిగిన అధ్యయనం 2009లో చెప్పింది. ఆ వారాలు దాటిపోయినా నిరాశ వద్దు, ఏ నెలలో మానినా బిడ్డకు మేలే.

మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి ఉంటాయి. కోరిక కొన్ని నిమిషాలు ఉధృతంగా వచ్చి తగ్గుతుంది. ఆ నిమిషాలకు పని ముందే సిద్ధం చేసుకోండి. నీళ్లు తాగండి, వక్కపొడికి బదులు సోంపు నమలండి, పక్కింటికి వెళ్లి మాట్లాడండి. నికోటిన్ గమ్, బిళ్లలు దుకాణంలో దొరుకుతున్నాయని సొంతంగా వాడకండి, డాక్టరును అడగండి. 1800 11 2356 నంబరుకు ఫోన్ చేస్తే పొగాకు మానడానికి ఉచితంగా సలహా ఇస్తారు.

ఒకరోజు జారి ఒక చుట్ట కాల్చితే? అది ఒక చుట్టే. పూర్తిగా ఓడిపోయాననుకుని కట్ట విప్పితేనే ఓటమి. ఆ రోజు ఏం జరిగింది, ఎవరితో ఉన్నారు, ఏ పూట అన్నది మాత్రం గుర్తుపెట్టుకుని మర్నాటికి జాగ్రత్తపడండి.

ఇంట్లో ఉన్న మీకు

భర్త బీడీ, మామగారి సిగరెట్, అత్తగారి చుట్ట ఇంట్లో కాలుతూ ఉంటే కోడలి సంకల్పానికి రోజూ గండే. కడుపులో బిడ్డకు పక్కవాళ్ల పొగ కూడా అందుతుంది. ఆమెతోపాటు మానగలిగితే అంతకన్నా పెద్ద సాయం లేదు. అది కుదిరేదాకా ఇంట్లో పొగ వద్దనే నియమం పెట్టుకోండి. ఆమె చేత చుట్ట వెలిగించుకోవడం, పొగాకు కొని తెమ్మనడం మానండి. రోజూ కాపలా కాయక్కర్లేదు. వారానికోసారి నిమ్మళంగా అడిగి, చెప్పింది విని, మానిన రోజుల్ని మెచ్చుకోండి.

ఇక చాలామంది మరిచిపోయే సంగతి: కాన్పుతో ఈ పని ముగియదు. గర్భంలో ఉండగా మానిన తల్లుల్లో చాలామంది బిడ్డ పుట్టాక కొన్ని నెలల్లో మళ్లీ మొదలుపెడతారు. బిడ్డ బయటికి వచ్చేశాడు, ఇక ఫరవాలేదనుకుంటారు. నికోటిన్ చనుబాలలోకి వెళుతుంది. పక్కన పడుకున్న బిడ్డ ఆ పొగే పీలుస్తాడు. నిద్రలో ఉన్నట్టుండి పసిబిడ్డలు చనిపోయే ముప్పు పొగ ఉన్న ఇంట్లో ఎక్కువ. పైగా అప్పటికి నెలనెలా పరీక్షలు అయిపోయి ఉంటాయి, అడిగేవాళ్లుండరు.

కాబట్టి తొమ్మిది నెలలు బిడ్డ పేరు మీద ఆపిన చుట్టను ఆ తర్వాత తన పేరు మీద మానుకోవాలి. తన అంగిలి కోసం, తన ఊపిరి కోసం, రేపు తన కూతురు ఎవరిని చూసి నేర్చుకుంటుందో ఆ మనిషిగా తాను ఉండడం కోసం. అడ్డపొగ ఈ జిల్లాల్లో తల్లి నుంచి కూతురికి వచ్చింది. మానడమూ అలాగే రాగలదు. టీకాకు బిడ్డను తెచ్చిన ప్రతిసారీ బిడ్డ బరువు చూసే చేత్తోనే తల్లిని కూడా అడగండి: “ఈ నెల నీకెలా ఉందమ్మా?”