మూగబోయిన వాద్యం

ప్రవేశిక: పాతవస్తువు పాడైతే పారవేయడం తేలిక. దానిలోపల ఏముందో తెలుసుకొని, ఓపికతో బాగుచేయడం కష్టం. అటువంటి ప్రయత్నం ఒకటి ఈ పాఠంలో ఉంది. వస్తువును బాగుచేయడమంటే ఏమిటో చదివి ఆలోచించండి.

మీలో చాలామంది హార్మోనియం చూసే ఉంటారు. ఒక చేత్తో తిత్తి ఆడిస్తూ రెండో చేత్తో మెట్లు నొక్కితే, లోపలి గాలి ఇత్తడి రీడులను కదిలిస్తుంది. స్వరం పుడుతుంది. మన పద్యనాటకాలలో వాయించే పెద్ద హార్మోనియానికి తిత్తిని కాళ్ళతో తొక్కుతారు. బెంగళూరు కబ్బన్ రోడ్డులోని సెయింట్ ఆండ్రూస్ చర్చిలో 1881 నాటి పైపు ఆర్గాన్ ఉంది. అందులో గాలి పెద్దపెద్ద గొట్టాలలోకి వెళ్ళి పలుకుతుంది. పరిమాణం వేరైనా రెండింటికీ ప్రాణం గాలే.

గాలితో పనిలేని ఆర్గాన్ కూడా ఒకటి ఉంది. దానిని నేను మొదట చూసింది మల్లేశ్వరంలో, మా పక్కింటి మాస్టారి ఇంట్లో. ఆయన భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. వారి ముందుగదిలో ఒక మూలన, దుప్పటి కప్పిన పెద్ద చెక్కపెట్టె ఉండేది. దానిమీద పాత పంచాంగాలు, మందుసీసాలు పెట్టేవారు. అది బల్ల అనుకున్నాను.

కిందటి వేసవి సెలవులలో ఒకనాడు పాత ఇనుము కొనే అతను వచ్చి ఆ పెట్టెకు బేరం ఆడుతున్నాడు. మాస్టారి అక్కయ్య లోపలి గది నుంచి గోడ పట్టుకొని మెల్లగా నడిచి వచ్చారు. ఆమెకు 80 దాటాయి. చూపు బాగా తగ్గింది.

"ఒరే తమ్ముడూ, అన్నయ్య పెట్టెను అమ్మేస్తావట్రా?" అన్నారు.

"ఇరవై ఏళ్ళుగా పలకడం లేదు కదా అక్కయ్యా! ఇల్లు ఇరుకవుతోంది."

"నేను కూడా ఏ పనీ చేయడం లేదుగా? నన్నేం చేస్తావు?" అని ఆమె లోపలికి వెళ్ళిపోయారు.

మాస్టారు ఆ మాటకు బదులు చెప్పలేదు. ఇనుము కొనే అతణ్ణి పంపివేశారు. ఎనిమిదో తరగతి చదువుతున్న మనవరాలిని పిలిచి, "పాత గుడ్డలు, చిన్న కుంచె, ఒక కొత్త నోటుపుస్తకం తీసుకురా" అన్నారు.

ఆ పెట్టె హామండ్ ఆర్గాన్. మాస్టారి అన్నగారు అమెరికాలో చదువుకొని 1966లో తిరిగివస్తూ ఓడలో దానిని తెచ్చారు. ఇళ్ళలో వాయించుకోవడానికి తయారుచేసిన చిన్న రకం. రెండు వరుసల మెట్లు, వరుసకు 44. చిన్నదే అయినా ఇద్దరు మనుషులు మోయలేనంత బరువు.

లారెన్స్ హామండ్ అమెరికాలోని చికాగో నగరానికి చెందిన ఇంజనీరు. మొదట విద్యుత్ గడియారాలు తయారుచేశాడు. ఆ గడియారపు మోటారు ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది. అంత నిలకడగా తిరిగే మోటారుతో నిలకడైన స్వరాన్ని కూడా పుట్టించవచ్చునని అతనికి తోచింది. 1934లో ఆ ఆర్గాన్‌పై హక్కుపత్రం పొందాడు. 1935లో దానిని అమ్మకానికి పెట్టాడు. ఈ ఆలోచన అంతకుముందు లేకపోలేదు. థాడియస్ కాహిల్ అనే అమెరికావాసి 1897లోనే ఇటువంటి యంత్రానికి హక్కుపత్రం పొందాడు. అయితే అతను కట్టిన పెద్దయంత్రం బరువు దాదాపు 200 టన్నులు! హామండ్ అదే సూత్రాన్ని ఇంట్లో పట్టే పెట్టెలోకి తెచ్చాడు.

మాస్టారు పెట్టె వెనుకపలక విప్పారు. లోపల సాలెగూళ్ళు, బొద్దింకల రెక్కలు, వేళ్ళమందాన దుమ్ము. వాటి వెనుక పొడవైన ఇరుసు, దాని వెంట బారులుతీరిన చిన్నచిన్న ఇనుపచక్రాలు.

"ఇందులో పాట ఎక్కడుంది తాతయ్యా?" అని మనవరాలు అడిగింది.

"నువ్వు సైకిలు చక్రం పుల్లలకు తగిలేలా అట్టముక్క కట్టి తొక్కావుగా? ఏమయింది?"

"టకటకమంది. వేగంగా తొక్కితే బుర్రుమంది."

"అంతే! దెబ్బలు వేగంగా పడితే అవి కలిసిపోయి స్వరమవుతాయి. ఇక్కడ అట్టముక్కకు బదులు అయస్కాంతం ఉంది. చక్రం అంచున పళ్ళున్నాయి చూడు. ఒక్కొక్క పన్ను అయస్కాంతపు మొనకు దగ్గరగా వచ్చి పోతుంది. అప్పుడు దానిచుట్టూ ఉన్న రాగితీగలో సన్నని విద్యుత్తు పుడుతుంది. ఈ చక్రానికి 16 పళ్ళు. సెకనుకు 27½ సార్లు తిరుగుతుంది. హెచ్చవేసి చెప్పు."

"440!"

"సెకనుకు 440 కంపనాలు. మన హార్మోనియం వాళ్ళు ఆరు శ్రుతి అనే స్వరం అది. పెద్ద హామండ్ ఆర్గాన్లలో ఇటువంటి చక్రాలు 91 ఉంటాయి. మెట్టు నొక్కితే ఆ చక్రాల విద్యుత్తు తీగలగుండా వెళ్ళి, పెరిగి, స్పీకరులో పలుకుతుంది."

మెట్లపైన లాగే కడ్డీలు కొన్ని ఉన్నాయి. ఒక్కొక్కదానిమీద 1 నుంచి 8 వరకు అంకెలు. అసలు స్వరానికి పైస్వరాలను ఎంతెంత కలపాలో ఆ కడ్డీలు నిర్ణయిస్తాయి. పులుసులో ఉప్పు, కారం, బెల్లం పాళ్ళు మార్చినట్లు కడ్డీలను లాగి వేణువువంటి నాదాన్నో, నిండైన గంభీరనాదాన్నో తెచ్చుకోవచ్చు.

పని మొదలయింది. మాస్టారు మొదటిరోజే ఒక నియమం పెట్టారు. విద్యుత్ తీగ గోడకు తగిలించనే కూడదు. పాత యంత్రాన్ని చూడగానే మీట నొక్కి పరీక్షించాలనిపిస్తుంది. కాని బిగుసుకుపోయిన ఇరుసును మోటారు బలవంతంగా తిప్పబోతే మోటారే కాలిపోవచ్చు. పైగా శబ్దాన్ని పెంచే భాగంలో గాజు వాల్వులున్నాయి. అక్కడ 300 వోల్టులకు పైగా విద్యుత్తు ఉంటుంది. తీగ పీకివేసిన తర్వాత కూడా అందులోని కెపాసిటర్లు కొంతసేపు విద్యుత్తును దాచుకుంటాయి. తాకితే ప్రాణాపాయం. అందుకని ఆ భాగాన్ని మాస్టారు కూడా ముట్టుకోలేదు. పాత రేడియోలు బాగుచేసిన అనుభవం గల మెకానిక్కును పిలిపించారు.

రెండు రోజులు దుమ్ము తుడవడమే సరిపోయింది. తీసిన ప్రతి మేకు ఎక్కడిదో, ప్రతి తీగ రంగు ఏదో మనవరాలు నోటుపుస్తకంలో బొమ్మ గీసి రాసుకుంది. తర్వాత నూనె. ఈ యంత్రంలో నూనె పోయడానికి చిన్న గిన్నెలవంటివి ఉంటాయి. వాటినుంచి నూలుదారాలు ఒక్కొక్క ఇరుసుకూ వెళతాయి. దీపపు వత్తి నూనెను పైకి పీల్చినట్లు ఈ దారాలు నూనెను పీల్చి ఇరుసులకు అందిస్తాయి. ఏడాదికొకసారి పోస్తే చాలు. అయితే అది పలుచని ఖనిజతైలమే కావాలి. ఎవరో ఒకప్పుడు వంటనూనె పోశారు. అది జిగురుగా గడ్డకట్టింది. సరైన నూనె కొద్దికొద్దిగా పోస్తూ, ఇరుసును చేత్తో కదిలిస్తూ ఓపిక పట్టారు. తొమ్మిదో రోజున ఇరుసు సులువుగా తిరిగింది.

ఈలోగా మెకానిక్కు వాల్వుల భాగాన్ని సరిచేశాడు. ఉబ్బిపోయిన కెపాసిటర్లు తీసివేసి, ఎస్.పి. రోడ్డులో కొన్న కొత్తవి అమర్చాడు. స్వరచక్రాల దగ్గర కూడా మైనం పూసిన పాత కెపాసిటర్లున్నాయి. "ఇవీ మార్చేద్దామా సార్? నాదం కొత్తదానిలా ఖంగుమంటుంది" అన్నాడు. మాస్టారు ఆలోచించి, "అవి ప్రమాదకరమైనవి కావు కదా? అయితే వద్దు. మా అక్కయ్య చెవులకు తెలిసిన నాదం ఇదే" అన్నారు.

ఇక మిగిలింది శ్రుతి. అమెరికాలో ఇళ్ళకు వచ్చే విద్యుత్తు సుమారు 120 వోల్టులు. మన దేశంలో 230. అన్నగారు ఆ రోజులలోనే ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వోల్టులు తగ్గించారు. కాని తేడా వోల్టులలోనే లేదు. అక్కడి విద్యుత్తు సెకనుకు 60 సార్లు దిశమార్చి తిరిగివస్తుంది. ఇక్కడిది 50 సార్లు. ట్రాన్స్‌ఫార్మరు ఆ లెక్కను మార్చలేదు. ఈ మోటారు వేగం సరిగా ఆ లెక్కను బట్టే ఉంటుంది. కాబట్టి మన దేశంలో అది ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరిగింది. 440 కంపనాలు పలకవలసిన మెట్టు సుమారు 367 పలికింది. అంటే ఆరు శ్రుతి నాలుగున్నర శ్రుతికి, ఇంకా కొంచెం కిందికి దిగిపోయిందన్నమాట.

"పుట్టినప్పటి గొంతు దీనికి మన ఊళ్ళో ఒక్కనాడూ రాలేదు. ఇప్పుడు తెప్పిస్తాను చూడండి" అని మాస్టారు ఉత్సాహంగా అన్నారు. విద్యుత్తును 60కి మార్చి మోటారుకు అందించే పరికరం ఒకటి కొన్నారు.

ఆ సాయంత్రం మేమందరం చేరాం. ఈ మోటారు దానంతటది కదలలేదు. మొదటి మీటతో వేరొక చిన్న మోటారు ఇరుసును వేగానికి తెస్తుంది. అప్పుడు రెండో మీట వేయాలి. మాస్టారు అలాగే చేశారు. లోపల చక్రాల గుసగుస వినిపించింది. మనవరాలు మెట్టు నొక్కింది. ఇరవై ఏళ్ళు మూగగా ఉన్న పెట్టె పలికింది! సెల్‌ఫోనులో శ్రుతి చూస్తే సరిగ్గా 440. మాస్టారి ముఖం వెలిగిపోయింది.

"అక్కయ్యా, నువ్వు పాడే లాలిపాట వాయించనా?" అన్నారు.

ఆమె కుర్చీలో ముందుకు వంగి కూర్చున్నారు. పాట ఎత్తుకున్నారు. రెండో పాదంలో గొంతు పైకి అందలేదు. మళ్ళీ ఎత్తుకున్నారు. మళ్ళీ ఆగిపోయారు. కాసేపు ఊరకుండి, "బాగుందిరా. కాని ఇది మన పెట్టె కాదు" అన్నారు.

మాస్టారు నొచ్చుకున్నారు. "ఇదే సరైన శ్రుతి అక్కయ్యా! ఇన్నాళ్ళూ తప్పుగా పలికింది" అన్నారు.

మనవరాలు నోటుపుస్తకం చూస్తూ, "తాతయ్యా, బామ్మ ఈ పెట్టెతో పాడింది 367 దగ్గర కదా? యంత్రానికి అది తప్పు శ్రుతి. బామ్మకు అదే పాట శ్రుతి" అంది.

మాస్టారు మాట్లాడలేదు. కొంతసేపటికి లేచి పరికరాన్ని 60 నుంచి 50కి తిప్పారు. 60 కోసం చేసిన మోటారుకు 50 మీద అదే వోల్టేజి ఇస్తే వేడెక్కుతుంది. అందుకని మోటారుకు వెళ్ళే 120 వోల్టులను 100కు తగ్గించారు. ఇక్కడ కూడా ఆరింట అయిదు వంతులే. చక్రాల చప్పుడు నెమ్మదించింది. నాదం కిందికి దిగి మెత్తబడింది.

ఆమె ఈసారి ఎవరూ అడగకుండానే పాడారు. వణుకుతున్న గొంతే, కాని స్వరం తప్పలేదు. చివరి పాదం దాకా పాడారు. వీధిలో పోతున్న పూలమ్మాయి గుమ్మం దగ్గర బుట్ట దించుకొని నిలబడి విన్నది.

ఇప్పుడు ఆ పెట్టె మీద మందుసీసాలు లేవు. మనవరాలు నేర్చుకునేటప్పుడు 60 మీద, బామ్మగారు పాడేటప్పుడు 50 మీద అది పలుకుతుంది. నోటుపుస్తకం చివరిపుటలో ఆ అమ్మాయి ఇలా రాసుకుంది: "మార్చినవి: వాల్వుల భాగంలో కెపాసిటర్లు. మార్చనివి: స్వరచక్రాల దగ్గరివి. కారణం: బామ్మ. ఏటా వేసవిలో నూనె పోయాలి."

కొత్త పదాలు – అర్థాలు

తిత్తి = గాలిని నింపి వదిలే తోలు లేక గుడ్డసంచి
ఇరుసు = చక్రం తిరగడానికి ఆధారమైన కడ్డీ
హక్కుపత్రం = కొత్త వస్తువు కనిపెట్టినవారికి ప్రభుత్వం ఇచ్చే అధికారపత్రం
ఖనిజతైలం = భూమినుంచి లభించే నూనె
శ్రుతి = పాటకు ఆధారమైన స్వరం
నొచ్చుకొను = మనసులో బాధపడు

అభ్యాసం

1. హార్మోనియంలో, హామండ్ ఆర్గాన్‌లో స్వరం పుట్టే పద్ధతులను పోల్చి రాయండి.
2. మాస్టారు మొదటిరోజు పెట్టిన నియమం ఏది? దానికి కారణాలేమిటి?
3. "నేను కూడా ఏ పనీ చేయడం లేదుగా?" – ఈ మాట ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారు? ఆ మాట ఫలితమేమిటి?
4. అమెరికాలో 660 కంపనాలు పలికే మెట్టు, అదే మోటారుతో మన దేశపు విద్యుత్తు మీద ఎన్ని కంపనాలు పలుకుతుంది? లెక్కకట్టండి.
5. "యంత్రానికి అది తప్పు శ్రుతి. బామ్మకు అదే పాట శ్రుతి." ఈ మాటను మీరు అంగీకరిస్తారా? ఎందుకు?
6. మీ ఇంట్లో వాడకుండా మూలన ఉన్న పాతవస్తువు ఒకదాని కథను పెద్దలనడిగి తెలుసుకొని, పది వాక్యాలలో రాయండి. ఆ కథ చెప్పేటప్పుడు పెద్దలు వాడిన మాటలలో మీరు వాడనివి అయిదు ఏరి, వాటితో సొంతవాక్యాలు రాయండి.