కొండ మీద తోమా, కొండ కింద నగరం



చెన్నై వెళ్ళిన మన విశ్వాసులలో చాలామంది పరంగిమల ఎక్కి వస్తారు. అపోస్తలుడైన పునీత తోమా క్రీ.శ. 72లో అక్కడ వేదసాక్షిగా ప్రాణమిచ్చారని తరతరాల సంప్రదాయం. ఎత్తు సుమారు 300 అడుగులే. 1523లో పోర్చుగీసువారు కొండ మీద దేవమాత పేర గుడి కట్టారు. 1547లో అక్కడ తవ్వుతుండగా పహ్లవీ అక్షరాలు చెక్కిన రాతి సిలువ బయటపడింది. నేటికీ ఆ గుడిలోనే దానిని దర్శించవచ్చు. 1986 ఫిబ్రవరిలో రెండవ జాన్ పాల్ పాపుగారు కూడా ఈ కొండ మీద ప్రార్థించారు.

గుడి నుండి బయటకు రాగానే నగరమంతా కన్నుల ముందు పరచుకొంటుంది. విమానాశ్రయం, రైలుపట్టాలు, లెక్కలేనన్ని మేడలు. ఎంత ప్రశాంతంగా ఉన్నదో అనుకొంటాం. కాని 2015 డిసెంబరులో అడయారు నది పొంగి ఆ విమానాశ్రయమే మూతబడింది. ఒడ్డున ఉన్న పేదల గుడిసెలు నీట మునిగాయి. పైనుండి చూస్తే మేడలు కనిపిస్తాయి, గాయాలు కనిపించవు.

తోమా కోరినది ఏమిటి? ప్రభువు గాయాలను తాకితేగాని నమ్మనన్నారు. ప్రభువు ఆయనను గద్దించి పంపివేయలేదు, ఆ గాయాలనే చూపించారు (యోహాను 20:24-29). గాయాల దగ్గరే తోమాకు విశ్వాసం కలిగింది. యేసుప్రభువు కూడా యెరూషలేమును సమీపించి, పట్టణాన్ని చూచి దాని అందాన్ని మెచ్చుకోలేదు, విలపించారు (లూకా 19:41).

మరొక సంగతి. ఈ కొండకు మెట్లు కట్టించినది ఒక పరదేశి. కోజా పెట్రస్ ఉస్కాన్ అనే అర్మేనియా వర్తకుడు 18వ శతాబ్దంలో తన సొమ్ముతో ఆ పని చేయించాడు. అంతటితో ఆగలేదు, 1726లో కింద అడయారు మీద వంతెన కూడా కట్టించాడు. కొండ మీది భక్తికి మెట్లు, కింది మనుషులకు వంతెన! రెండూ ఒకే విశ్వాసపు పనులు.

మరి మన సంగతి? మొక్కు తీర్చుకొని, ఫొటో తీయించుకొని దిగివస్తున్నామా? పరంగిమల అయినా, మన గుణదల కొండ అయినా, ఈసారి దిగేముందు ఒక్క నిమిషం నిలబడండి. కింద కనిపించే ఇళ్ళలో మీకు తెలిసిన ఒక గాయాన్ని తలచుకోండి. పనికోసం వలసవెళ్ళిన కూలీ కావచ్చు, మీరు మాట మానేసిన సొంత తోబుట్టువే కావచ్చు. దిగిన తరువాత ముందుగా వారి గడపకే వెళ్ళండి.

ప్రార్థన: ప్రభువా, నీ గాయాలను మా ఇరుగుపొరుగులో గుర్తించే కన్నులు మాకు దయచేయుము. ఆమెన్.