గిర్ని బెల్టు మొదలు మంచుబండి బెల్టు వరకు

కేతేపల్లి పరిసరములలో మూసీ కాలువల క్రిందను, బావుల క్రిందను వరి పండించు రైతునకు యాసంగి కోతల కాలమున రెండు భయములు గలవు. ఒకటి ఆకాశమున మబ్బు పట్టుట. రెండవది హార్వెస్టరు బెల్టు తెగుట. మొదటిదానికి మనము చేయగలిగినది లేదు. రెండవదానిని గూర్చి తెలిసికొనవలసినది చాల గలదు. కోతయంత్రము మడి నడుమ నిలిచిపోయి, ఆ సాయంకాలమే వడగండ్లు పడెనేని గింజ నేలపాలగును. ఒక రబ్బరు పట్టీకి ఒక పంట లోబడియుండుట వింతగా తోచినను, ఏటేట జరుగుచున్న సంగతియే.

ఒక చక్రపు తిరుగుడును వేఱొక చక్రమునకు అందించుటయే బెల్టు పని. పూర్వము మన పల్లెల గిర్నులలో నూనె యింజను ఒక మూలను, పిండిరాయి వేఱొక మూలను ఉండెడివి. నడుమ వెడల్పైన చదును బెల్టు టపటప మని కొట్టుకొనుచు పరుగెత్తెడిది. ఆ బెల్టును ఒక మెలిక వేసి తగిలించినచో రెండవ చక్రము ఎదురుగా తిరుగును. లెక్క సులభము: నిమిషమునకు 1440 మార్లు తిరుగు మోటారునకు 4 అంగుళముల పుల్లీయు, రాతికి 16 అంగుళముల పుల్లీయు ఉన్నయెడల రాయి 360 మార్లు తిరుగును. చిన్న తరగతివారును దీనిని చేసి చూడవచ్చును.

ఇప్పుడు గిర్నులలోను హార్వెస్టరులలోను మిక్కిలిగా కనబడునది గాడిలో నడచు బెల్టు. 1917లో అమెరికా దేశమందలి డెన్వరు నగరమున జాన్ గేట్సు అనునాతడు రబ్బరుతో దీనిని చేసెను. పైన వెడల్పుగను, క్రింద సన్నముగను ఉండును. దీనిని గూర్చి పలువురకు ఒక పొరపాటు అభిప్రాయము గలదు. బెల్టు గాడి అడుగున కూర్చుండి లాగునని వారనుకొందురు. అట్లు గాదు. బెల్టు రెండు ప్రక్కలును గాడి గోడలను ఒరసికొని ఆపుల వలె బిగియును. ఆ బిగువే పట్టు. అడుగున సందు తప్పక యుండవలెను. గాడి అడుగు అద్దమువలె మెఱయుచున్నచో, బెల్టు అరిగి అడుగునకు దిగినదనియో, పుల్లీ గోడలే అరిగినవనియో గ్రహింపవలెను. పుల్లీ అరిగియున్నప్పుడు ఎన్ని క్రొత్త బెల్టులు వేసినను డబ్బు దండుగయే. మిస్త్రీలలో సహితము కొందఱు ఈ చిన్న సంగతిని చూడక బెల్టు కంపెనీని తిట్టుట కద్దు.

బిగువునకు ఒక కొలత గలదు. రెండు పుల్లీల నడుమ బెల్టు పొడవును కొలిచి, ఆ నడిమిని తగినంత బలముతో నొక్కినచో, పొడవులో 64వ వంతు మాత్రమే లోనికి పోవలెను. 640 మిల్లీమీటర్ల నడిమి పొడవునకు 10 మిల్లీమీటర్లు. ఇంతకంటె వదులైనచో బెల్టు జారి, వేడెక్కి, కాలిన రబ్బరు వాసన కొట్టును. మిక్కిలి బిగించినచో బేరింగులు చెడును. రెండు పుల్లీలు ఒకే వరుసలో నున్నవో లేవో తెలిసికొనుటకు ఒక నూలుదారమును రెంటి ముఖములకు తగిలించి లాగిన చాలును. ఇరుసులు సమానముగా నుండి, పుల్లీ అంచులు ఒకే మందము గలవైనచో దారము నాలుగు చోట్లను అంటును.

ఇక మార్చు విధము. మొదట కరెంటు తీసివేయవలెను, లేదా యింజనును ఆపి తాళపుచెవి జేబులో వేసికొనవలెను. తిరుగుచున్న బెల్టు వేలిని లాగికొనుటకు క్షణకాలము చాలును; వదులుగా వ్రేలాడు ధోవతి కొంగు, చున్నీ, పైట అన్నియు దానికి లోకువయే. పిండి పట్టించుటకు తట్టతో వచ్చు పిల్లలను బెల్టు దరికి రానీయని గిర్నివాని కసురుబాటును తల్లిదండ్రులు తప్పుగా నెంచరాదు. పిమ్మట మోటారు మరలను వదులుచేసి ముందునకు జరిపి, చేతితోనే బెల్టును తీసి క్రొత్తదానిని తొడుగవలెను. స్క్రూడ్రైవరుతో పెకలించి ఎక్కించినచో లోపలి దారములు తెగును. పైకి కనబడదు, పది దినములలో బెల్టు తెగును. ఒకే పుల్లీమీద మూడు బెల్టులున్నచో ఒకటి తెగినను మూడును మార్చవలెను. ఏలయనగా పాతవి సాగియుండుటచే భారమంతయు క్రొత్తదానిమీదనే పడును.

గేర్లు లేని స్కూటరులో ఈ బెల్టే మఱియొక విద్య చూపుచున్నది. అందు పుల్లీ రెండు బిళ్లలుగా నుండి దగ్గరకును దూరమునకును జరుగును. వేగము హెచ్చినకొలది ముందటి పుల్లీ లోపలి బరువులు బయటకు తొలగి బిళ్లలను దగ్గరకు త్రోయును, బెల్టు పైకెక్కును, వెనుకటి పుల్లీలో నంతమేర లోనికి దిగును. గేరు దానంతట మారినట్లే. హాలండు దేశపు డాఫ్ కారులో 1958లో ఈ పద్ధతి వచ్చెను. మన దేశమున 1984లో కైనెటిక్ హోండా స్కూటరుతో జనులకు పరిచయమయ్యెను. హార్వెస్టరులు కొన్నింటిలో నడకవేగము మార్చుట కిదే యుపాయము. ఇచ్చట కొలత మిక్కిలి సున్నితము. గాడి గోడల నడిమి కోణము 28 డిగ్రీలనుకొందము. బెల్టు వెడల్పు 1 మిల్లీమీటరు అరిగినచో అది గాడిలో సుమారు 2 మిల్లీమీటర్లు లోతునకు దిగును. జ్యామితి నేర్చినవారు త్రిభుజము గీచి సరిచూచుకొనవచ్చును. అందుచేతనే చూపునకు క్రొత్తగా నున్న బెల్టుతో సహితము బండి ముందటి వేగము నందుకొనదు.

ఈ పద్ధతికే కఠినమైన పరీక్ష మంచుకొండలమీద జరుగుచున్నది. కెనడా దేశపు బొంబార్డియరు 1959లో స్కీడూ అను చిన్న మంచుబండిని అమ్మకమునకు తెచ్చెను. నేడు కొండలెక్కు మంచుబండ్లలో బరువు తగ్గించుటకై యింజనును, పుల్లీలను, కవచమును మిక్కిలి దగ్గరగా నమర్చుచున్నారు. చేయి దూర్చుటకే చోటు చాలదు. నడుములోతు మంచులో, మొద్దుబారిన వ్రేళ్లతో బెల్టు మార్చవలసియుండుటచే వెనుకటి పుల్లీ బిళ్లలను విడదీయుటకు కొన్నింట ఒక మరను బిగించెదరు. తెగిన బెల్టు దారములు ముందటి పుల్లీ వెనుక ఇరుసునకు చుట్టుకొన్నచో నూనె నాపు సీలు చెడును గావున, క్రొత్తది వేయక మునుపు ప్రతి పీలికను ఏరి తీయుదురు. మన హార్వెస్టరు డ్రైవరులకును ఈ యలవాటు అక్కరకు వచ్చును.

తెగిన బెల్టును వెంటనే పారవేయక తిప్పి చూడవలెను. ఒక ప్రక్కయే అరిగినచో వరుస తప్పినది. ప్రక్కలు నిగనిగలాడుచున్నచో జారినది. ఒక్కచోటనే గుంటగా అరిగినచో రెండవ చక్రము పట్టుకొనిపోయి బెల్టు కదలక నిలిచియుండగా, నడుపు చక్రము తిరుగుచు దానిని ఒకేచోట ఒరసినది. వీపుమీద బి 68 అని యున్నచో బి యనునది 17 మిల్లీమీటర్ల వెడల్పును, 11 మిల్లీమీటర్ల మందమును గల రకము. 68 లోపలి పొడవు, అంగుళములలో. ఈ అంకె చెరిగిపోక మునుపే గోడమీద సుద్దతో వ్రాసి యుంచుకొన్న గిర్నివానికి బెల్టు కొఱకు సూర్యాపేటకు రెండుమార్లు పోవు పని తప్పును.