శాస్త్ర సంఘాల మాటకు బలం ఎక్కడిది?

కొత్త రకం విత్తనాన్ని సాగుకు అనుమతించాలా, వద్దా? ఇలాంటి ప్రశ్న ఎదురైనప్పుడు ప్రభుత్వం వ్యవసాయ శాస్త్రవేత్తల సంఘాలను, అకాడమీలను సలహా అడుగుతుంది. 1990లో న్యూఢిల్లీలో ఏర్పడిన జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ అలాంటి సంస్థే. నిపుణులను ఒకచోట చేర్చి, చర్చించి, విధాన పత్రాలు వెలువరించడం దాని పనుల్లో ఒకటి. నిర్ణయాధికారం మాత్రం దానికి లేదు. దాని మాటను ఎంతమంది నమ్ముతారన్నదే దాని బలం. బీటీ వంకాయ ఉదంతం ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది.

వంగ తోటలకు మొవ్వు, కాయ తొలుచు పురుగు పెద్ద బెడద. దీన్ని అదుపు చేయడానికి రైతులు పదేపదే మందు కొట్టాల్సి వస్తుంది. నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును వంగలో చొప్పిస్తే, ఆ పురుగును చంపే ప్రోటీన్ మొక్కలోనే తయారవుతుంది. అదే బీటీ వంగ.

2009 అక్టోబరు 14న కేంద్ర నియంత్రణ కమిటీ దీనికి ఆమోదం తెలిపింది. వ్యతిరేకత రావడంతో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్ సహా 7 నగరాల్లో బహిరంగ సంప్రదింపులు జరిపారు. 2010 ఫిబ్రవరి 9న అనుమతిని నిలిపివేసి, తర్వాత 6 జాతీయ అకాడమీల అభిప్రాయం కోరారు. వాటిలో వ్యవసాయ విజ్ఞాన అకాడమీ కూడా ఉంది.

పరిమితంగా సాగుకు అనుమతించవచ్చని సెప్టెంబరులో అకాడమీలు ఉమ్మడి నివేదిక ఇచ్చాయి. అయితే బీటీ పంటలను సమర్థిస్తూ ఒక శాస్త్రవేత్త అంతకుముందు రాసిన వ్యాసంలోని భాగాలు అందులో యథాతథంగా ఉన్నాయని, ఏ ఆధారాలను బట్టి రాశారో కూడా చూపలేదని తేలింది. మంత్రి దాన్ని అంగీకరించలేదు. డిసెంబరులో సవరించిన నివేదిక వచ్చినా, నిలిపివేత కొనసాగింది.

సిఫారసు సరైనదా, కాదా అన్నది వేరే చర్చ. అకాడమీలు ఆ నిర్ధారణకు ఎలా వచ్చాయో చూపలేకపోవడంతో, పరిశీలించవలసిన సిఫారసు కూడా పక్కకు పోయింది. అందుకే ఏ శాస్త్ర సంఘమైనా సలహా ఇచ్చేటప్పుడు ఆధారాలను బయటపెట్టాలి. సభ్యులకు కంపెనీలతో సంబంధాలుంటే తెలపాలి. భిన్నాభిప్రాయాలను నమోదు చేయాలి. ఇంకా తెలియని అంశాలేమిటో కూడా చెప్పాలి.

పొరుగునున్న బంగ్లాదేశ్ 2013లో బీటీ వంగ సాగుకు అనుమతి ఇచ్చింది. పంట ఒకటే, నిర్ణయాలు రెండు. పురుగు మందుల ఖర్చు, దేశీ వంగడాల రక్షణ, విత్తనంపై రైతు హక్కు వంటి అంశాల్లో దేనికి ఎంత ప్రాధాన్యమివ్వాలో ప్రయోగశాల ఒక్కటే తేల్చలేదు. ఆ నిర్ణయం ప్రజలది, ప్రభుత్వానిది. వారు కళ్లు తెరిచి నిర్ణయించుకునేలా నమ్మదగిన సమాచారం అందించడమే శాస్త్ర సంఘాల బాధ్యత.