యతీముల పక్షాన నిలిచేదెవరు?

యతీం బిడ్డలకు అన్నం, బట్ట, చదువు సమకూర్చడానికి మన దాతలు ముందుంటున్నారు. అల్‌హమ్దులిల్లాహ్! అయితే ఎక్కడ పెరగాలో అధికారులు నిర్ణయించే రోజున ఆ బిడ్డ పక్షాన మాట్లాడేదెవరు?

అమెరికాలోని సియాటిల్‌లో న్యాయమూర్తి డేవిడ్ సూకప్ 1977లో ఇందుకు స్వచ్ఛంద సేవకులను నియమించారు. వారు బిడ్డను తరచుగా కలిసి, ఇల్లు, బడి చూసి, ఏది మేలో కోర్టుకు చెబుతారు.

మన దేశంలో 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ఈ నిర్ణయం బాలల సంక్షేమ కమిటీది. అందులో ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. దిక్కులేని బిడ్డ కనబడితే ఏ పౌరుడైనా ప్రయాణ సమయం కాక 24 గంటల్లోగా కమిటీ ముందు హాజరుపరచవచ్చు. 1098కి ఫోన్ చేసినా చాలు. లైంగిక నేరాల కేసుల్లో, 2020 పోక్సో నియమాల ప్రకారం, దర్యాప్తు, విచారణల్లో తోడుండే సహాయకుణ్ణి కమిటీ ఇవ్వవచ్చు. బిడ్డ పేరు, ఫొటో ప్రచురించడం మాత్రం నేరం.

యతీముల ఆస్తి అప్పగించేటప్పుడు సాక్షులను ఉంచమని సూరె నిసా ఆదేశం. ఆస్తికే సాక్షి కావాలంటే, బిడ్డ బ్రతుక్కి అక్కర్లేదా? ఆనందపురం దాతలను మేం కోరేదొక్కటే: చందాతోపాటు మీ సమయాన్నీ ఇవ్వండి. అదీ సదఖాయే.